గడ్డిలో పడవ

ఆ నీళ్లు ఎందుకు ఎండిపోయాయో చాలా ఏళ్లపాటు నాకు అర్థం కాలేదు.

మైకేల్ డ్యూడాక్ డి విట్ 2000లో తీసిన 'ఫాదర్ అండ్ డాటర్' గురించి చెబుతున్నాను. ఎనిమిది నిమిషాల యానిమేషన్ సినిమా, ఒక్క మాట కూడా ఉండదు. గట్టు మీద కూతుర్ని వదిలి నాన్న పడవెక్కుతాడు. ఎక్కే ముందు ఆగి, మళ్లీ గట్టెక్కి పరుగెత్తుకొచ్చి ఒకసారి ఎత్తుకుంటాడు. ఆ ఒక్క పరుగుతో వాళ్లిద్దరి సంగతంతా తెలిసిపోతుంది. తర్వాత ఆ పిల్ల సైకిల్ మీద అక్కడికి మళ్లీ మళ్లీ వస్తుంది: పిల్లగా, స్నేహితురాళ్లతో, భర్తా పిల్లలతో, చివరికి ముసలావిడగా. అప్పటికి నీళ్లుండవు. గడ్డిలోకి దిగి నడుస్తూ పోతే, సగం పూడిపోయిన పడవ కనబడుతుంది.

నేను యాడ్స్‌కి స్టోరీబోర్డులు, అంటే తీయబోయే షాట్ల బొమ్మలు వేస్తాను. డి విట్ కూడా లండన్‌లో యాడ్ ఫిల్ములు చేస్తూ, మధ్యలో తన సొంత సినిమాలు తీసుకున్నాడు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ ఆయన మీద ఇష్టం ఇంకా పెరిగింది. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర అబ్‌కౌడాలో 1953లో పుట్టాడు. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌హామ్‌లో యానిమేషన్ చదివి 1978లో బయటికొచ్చాడు. ఫ్రాన్స్‌లో చేసిన 'ద మంక్ అండ్ ద ఫిష్' 1994లో వచ్చింది, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఆస్కార్ మాత్రం 2001లో ఈ నాన్న సినిమాకే దక్కింది. ఆ తర్వాత ఒక చిన్న సినిమాకి రంగుకి బదులు టీ డికాక్షన్ వాడాడు!

ఇక నీళ్ల సంగతి. అవి ఎండిపోవడం కలలాంటిదేమో, ఆవిడ మనసులో జరిగేదేమో అనుకునేవాణ్ణి. తర్వాత ఆయన పుట్టిన నెదర్లాండ్స్ గురించి చదువుతుంటే విషయం తెలిసింది. 1932లో అక్కడివాళ్లు పెద్ద కట్ట కట్టి జౌడర్‌జే అనే సముద్రపు పాయను మూసేశారు. తర్వాత లోపల కొన్ని భాగాలకి చుట్టూ గట్లు పోసి, నీళ్లు తోడేసి పొలాలు చేశారు. అలాంటి నేలని పోల్డర్ అంటారు. స్కాక్‌లాండ్ ఒకప్పుడు దీవి, ఇప్పుడు చుట్టూ పొలాలే. అలా బయటపడిన నేలలో 400కు పైగా పాత పడవలు, ఓడలు దొరికాయి. దున్నుతుంటే ఓడ తగలడం అక్కడ నిజంగా జరిగింది. ఆయన ఇదే మనసులో పెట్టుకుని గీశాడని నేను అనను. కానీ అలాంటి నేల మీద పుట్టినవాడికి గడ్డిలో పడవ వింతేమీ కాదు.

ఆ నేలని గీసిన తీరు చూడండి. పెన్సిల్, బొగ్గు, కాస్త గోధుమరంగు. మనుషులు చాలా చిన్నగా ఉంటారు, ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం ఆకాశమే. చెట్లు గాలికి వంగుతాయి, అకార్డియన్ మీద 'డాన్యూబ్ అలలు' వాల్ట్జ్ సాగుతుంది. ముఖంలో ఏడుపు ఎక్కడా చూపించడు. ముసలావిడ సైకిల్‌ని నిలబెడితే పడిపోతుంది, మళ్లీ నిలబెడితే మళ్లీ పడిపోతుంది. నాకు కన్నీళ్లొచ్చేది అక్కడే, ప్రతిసారీ.

ఈ సినిమా చూసే జపాన్‌లోని గిబ్లి అనే యానిమేషన్ స్టూడియో వాళ్లు పెద్ద సినిమా తీస్తారా అని 2006లో ఆయనకి రాశారు. ఆ సినిమా, 'ద రెడ్ టర్టిల్', వచ్చేసరికి 2016 అయింది.

నిన్న రాత్రి ఆ చివరి రెండు నిమిషాలు మళ్లీ చూశాను. ఆవిడ గట్టు దిగి గడ్డిలోకి నడుస్తుంటే, నాకు ఆ పాదాల కింద ఒకప్పటి నీటి అడుగే కనబడింది.