తిరుపతికి, చిత్తూరుకు: టర్కిష్ విభక్తుల్లో ఆ ఒక్క ‘న్’

తిరుపతికి అంటాం, చిత్తూరుకు అంటాం. ఇకారం తర్వాత కి, మిగతాచోట్ల కు. ఈ సర్దుబాటు మన నోటికి అలవాటే కాబట్టి టర్కిష్‌లో అచ్చుల పొత్తు చూసి బెదరక్కర్లేదు. అక్కడా మాటలోని చివరి అచ్చే ప్రత్యయాన్ని నిర్ణయిస్తుంది: తిరుపతియె, చిత్తూర (కి/కు), తిరుపతిదె, చిత్తూర్ద (లో), తిరుపతిదెన్, చిత్తూర్దన్ (నుంచి). రాసేటప్పుడు ఊరి పేరుకూ ప్రత్యయానికీ మధ్య అపాస్ట్రఫీ పెట్టాలి.

వరుస ఎప్పుడూ ఇదే: మాట, బహువచనం, ఎవరిదో చెప్పే ప్రత్యయం, చివర విభక్తి. ఎవ్ అంటే ఇల్లు. ఎవ్+లెర్+ఇమిజ్+దెన్ అంటే మా ఇళ్ల నుంచి. మన, మా అనే తేడా టర్కిష్‌లో లేదు, రెంటికీ ఇమిజే. ఆ తేడా మన భాషలో ఎంత ముద్దొస్తుందో ఇక్కడే తెలుస్తుంది.

ఎవిమ్ నా ఇల్లు, ఎవిన్ నీ ఇల్లు, ఎవి అతని ఇల్లు. మాట అచ్చుతో ముగిస్తే అతనిది చెప్పడానికి సి వస్తుంది: కెది పిల్లి, కెదిసి అతని పిల్లి. నీళ్లకు ‘సు’ అంటారు, దానికి మాత్రం సుసు కాదు, సుయు.

అసలు తప్పు జరిగేది ‘అతని ఇంటికి’ అనాల్సి వచ్చినప్పుడు. తిరుపతియె నోట్లో నానుతుంటుంది కదా, అదే పద్ధతిలో ‘ఎవియె’ అనేస్తారు. తప్పు. అతనిది, ఆమెది, దానిది అని చెప్పే ప్రత్యయం మీద విభక్తి చేరితే నడుమ న్ రావాల్సిందే: ఎవినె (ఇంటికి), ఎవిందె (ఇంట్లో), ఎవిందెన్ (ఇంటి నుంచి), ఎవిని (ఇంటిని). మనం ‘ఇల్లుకి’ అనకుండా ముందు ‘ఇంటి’ చేసుకుని తర్వాత కి తగిలిస్తామే, అలాంటి మెట్టే ఈ న్.

ఇంకో చిక్కుంది. ‘నీ ఇంట్లో’ అన్నా ఎవిందె అనే వస్తుంది, ఎవిన్ మీద దె చేరి. సందర్భం చాలకపోతే ముందు సెనిన్ (నీ) లేదా ఒనున్ (అతని) పెట్టండి.

‘మా అమ్మ ఇంటికి’ని ఒకసారి విప్పి చూడండి: అన్నె (అమ్మ)+మ్ (నా; అక్కడ ‘నా అమ్మ’ అనే అంటారు)+ఇన్ (యొక్క), ఎవ్+ఇ+న్+ఎ. అన్నెమిన్ ఎవినె. మనకు ‘అమ్మ’ మీద గుర్తేమీ అక్కర్లేదు. అక్కడ అమ్మ మీద ఇన్, ఇంటి మీద ఇ, రెండూ ఉండాలి. మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఆ రెండోదే, ‘అన్నెమిన్ ఎవె’ అని.