మిద్దె తోట డైరీ: ఐదో నెలలో మెంతికూర

నవంబర్ 4
హనుమకొండలో మా మిద్దె మీద తొట్లు పెట్టి నాలుగేళ్లయింది. ఇన్నాళ్లూ తోచింది వేసుకున్నాం. పోయిన వారం పరీక్షలో నా హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. నాలా కడుపుతో ఉన్నవాళ్లకు 11కి తగ్గకూడదట. అందుకే ఈ చలికాలమంతా ఆకుకూరలే. బంతి మొక్కలు పీకేస్తుంటే మనసొప్పలేదు.

ఐదు తొట్లు. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు. కలిపింది మా ఆయన. పక్కింటి పిల్లి తొట్లలో తవ్వి పోతుంది. దాని మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు, కడుపులో బిడ్డకు ప్రమాదం. నేను కుర్చీలో కూర్చుని చెప్పడమే. "విత్తనం ఎంత లోతు?" అని నాలుగుసార్లు అడిగాడు. అర అంగుళం చాలు!

నవంబర్ 9
వంటింటి మెంతులే, రాత్రంతా నానబెట్టి వేసినవి, మొలిచాయి. తోటకూర విత్తనం ఇసుకలో కలిపి చల్లాం, లేకపోతే ఒకేచోట గుంపుగా పడుతుంది. పుంటికూర చలికి బద్ధకిస్తోంది.

నవంబర్ 17
కోతులు. ఒక తొట్టి బోర్లా. వల కట్టాం.

నవంబర్ 30
మొదటి మెంతి కోత, 26 రోజులకు. రెండు గుప్పిళ్లే. మూడోసారి కడిగినా గిన్నె అడుగున సన్నటి ఇసుక, నాలుగోసారికి నీళ్లు తేటపడ్డాయి. అత్తమ్మ పెసరపప్పులో వేసి, దించాక నిమ్మకాయ పిండింది. ఆ పులుపుకి ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. పాలకూర వేయలేదని అడగొద్దు: కాల్షియాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్లు ఎక్కువ, అందులోని కాల్షియం పెద్దగా అందదు.

అసలు తప్పు వేరే ఉంది. రెండు గుప్పిళ్ల ఆకుతో రక్తం పెరిగిపోదు. రోజూ వేసుకోవాల్సిన ఐరన్ మాత్రలో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. దాన్ని నేను పొద్దున్నే చాయ్‌తో మింగుతున్నా! చాయ్ ఇనుమును పట్టనివ్వదని నర్సమ్మ చెప్పేదాకా తెలీదు. ఇప్పుడు మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు, నిమ్మరసంతో. కాల్షియం మాత్రలు టిఫిన్‌కొకటి, రాత్రి అన్నానికొకటి, ఐరన్‌తో కలపకూడదు. మధ్యాహ్నం అంగన్‌వాడీలో ఆరోగ్య లక్ష్మి పథకం భోజనం, గుడ్డు, 200 మి.లీ. పాలు ఎలాగూ ఉన్నాయి.

డిసెంబర్ 15
హిమోగ్లోబిన్ 10.4. అత్తమ్మ మెంతికూర వల్లే అంటోంది, నేను చాయ్ సంగతి ఎత్తలేదు. రేపు తోటకూర కోత. పిల్లి మాత్రం వల కింద దూరడం నేర్చేసుకుంది.