క్రియాటినిన్ నార్మల్ అన్నారు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి నాకు రేడియేషన్‌తో పాటు వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించారు. ఆ రోజుల గురించి ఎక్కువ రాయాలని లేదు. సెలైన్లు, వాంతులు, బాగా తగ్గిపోయిన బరువు. స్కాన్‌లో జబ్బు కనిపించడం లేదన్న రోజు ఇంటిల్లిపాదీ ఏడ్చేశాం.

ఆ తర్వాత పిక్కలు పట్టేయడం మొదలైంది. పెదాల చుట్టూ తిమ్మిరి. ఫాలోఅప్‌లో ఈ సంగతి చెబితే డాక్టరు గారు రిపోర్టు మీంచి తల ఎత్తకుండానే, "క్రియాటినిన్ 0.9, నార్మల్. క్యాన్సరే తగ్గిపోయింది, ఇంకా ఈ చిన్నవాటికి టెన్షన్ ఎందుకమ్మా?" అన్నారు. క్రియాటినిన్ అంటే కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష. ప్రాణం నిలబెట్టిన మనిషికి ఎదురు చెప్పలేక ఊరుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

ఒక రాత్రి నిద్రలో రెండు చేతులూ మణికట్టు దగ్గర వంగి బిగుసుకుపోయాయి. వేళ్లు విడదీద్దామంటే నా మాట వినలేదు. గుండె దడదడ కొట్టుకుంటోంది. క్యాన్సర్ మెదడుకి పాకిందనే అనుకున్నాను. మా ఆయన వేళ్లు సాగదీస్తూ "ఏం కాదు, ఏం కాదు" అంటున్నారు కానీ ఆయన గొంతే వణుకుతోంది. మా అమ్మాయిని లేపొద్దన్నాను. అది అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది.

ఎమర్జెన్సీలో చూస్తే మెగ్నీషియం బాగా తగ్గి 0.9కి వచ్చింది. కాల్షియం, పొటాషియం కూడా పడిపోయాయి. మెగ్నీషియం ఎక్కిస్తుంటే వేళ్లు మెల్లగా విచ్చుకున్నాయి. తెల్లారేదాకా మానిటర్ మీంచి కళ్లు తీయని ఆ నర్సమ్మకి రోజూ దండం పెట్టుకుంటాను.

కిడ్నీ డాక్టరు గారు కూర్చుని అర్థమయ్యేలా చెప్పారు. సిస్‌ప్లాటిన్ కిడ్నీలోని సన్నని గొట్టాలను దెబ్బతీస్తుందట. అప్పుడు మెగ్నీషియం మూత్రంలో పోతూనే ఉంటుంది, మందు ఆపిన చాలాకాలం తర్వాత కూడా. ఇక క్రియాటినిన్ పుట్టేది కండరాల నుంచి. నాలా కండ కరిగిపోయినవాళ్లలో అది తక్కువే వస్తుంది, కిడ్నీ బాగున్నట్టు కనిపిస్తుంది. నా 52 ఏళ్ల వయసుకి క్రియాటినిన్‌తో లెక్కేస్తే జీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే లెక్క, 77. కండతో పెద్దగా సంబంధం లేని సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష కూడా చేయించి, రెండూ కలిపి లెక్కేస్తే 57! స్టెరాయిడ్లు, థైరాయిడ్ తేడాలు సిస్టాటిన్‌ని కూడా మారుస్తాయి కాబట్టి, అవి నాకున్నాయేమో ముందే అడిగి తెలుసుకున్నారు. రేడియేషన్ వల్ల మూత్రనాళాలు ఇరుకయ్యాయేమోనని అల్ట్రాసౌండ్ తీయించారు, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూశారు. ఆ రెండూ బాగానే ఉన్నాయి. మూడు నెలలు దాటాక మళ్లీ పరీక్ష చేసినా జీఎఫ్ఆర్ 60 లోపే ఉంది కాబట్టి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క అన్నారు.

సిస్‌ప్లాటిన్ తీసుకుని బరువు తగ్గినవాళ్లు ఎవరైనా సరే, క్రియాటినిన్ ఒక్కటే చూసి ఊరుకోకండి. మెగ్నీషియం చూడమనండి, సిస్టాటిన్ సి అవసరమా అని అడగండి. నొప్పి మాత్రలు మీకై మీరు వేసుకోకండి. రంగు మందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ స్కాన్ రాస్తే కిడ్నీ సంగతి ముందే చెప్పండి.

నాకిప్పుడు మాత్రలతో మెగ్నీషియం 1.7 దగ్గర నిలబడింది, చేతులు మళ్లీ బిగుసుకోలేదు. దేవుడి దయ అంటాను, మా అమ్మాయి డాక్టర్ల దయ అంటుంది. వచ్చే ఫాలోఅప్ ఆ మొదటి డాక్టరు గారి దగ్గరే. రెండు లెక్కల రిపోర్టులూ ఆయన బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఆయన తల ఎత్తాకే మాట్లాడతాను.