ఏడో నంబరు ఎవరు చెప్పాలి?

దుబాయ్‌లో నేను పనిచేసే గోల్ఫ్ క్లబ్బులో మొన్న ఒక మెంబరు ఎదురుగానే మా సూపర్‌వైజర్ నన్ను కసిరాడు. "సలహాలివ్వడానికి ప్రో (ఆట నేర్పే కోచ్) ఉన్నాడు. బ్యాగులు తుడిచి బండికెక్కించడం వరకే నీ పని" అన్నాడు. ఆ పెద్దమనిషి అడిగింది చిన్న ప్రశ్న. కొత్త సెట్‌లో ఏడో ఐరన్‌తో (ఐరన్ అంటే లోహపు తల ఉన్న గోల్ఫ్ కర్ర) కొడితే పాత ఐదో ఐరన్ అంత దూరం పోతోంది, నాకు బలం పెరిగిందా అని. లాఫ్ట్ సంగతి, అంటే ఐరన్ ముఖం వెనక్కి వాలిన కోణం తగ్గితే బంతి ఎక్కువ దూరం పోతుందని చెప్పాను, అంతే.

చెప్పింది తప్పైతే పడేవాణ్ని. పాత సెట్లలో ఏడో ఐరన్ ముఖం 34, 35 డిగ్రీలు వెనక్కి వాలి ఉండేది. ఇప్పుడు దూరం కోసమే తయారుచేసే సెట్లలో 28 నుంచి 30 డిగ్రీలే. అంటే పాత ఐదో ఐరన్ మీద ఏడు అని రాసి అమ్ముతున్నట్టే. దగ్గరి దూరాలకు బంతిని ఎత్తి కొట్టే పిచింగ్ వెడ్జ్ కూడా 48 నుంచి 44 దాకా దిగింది, ఇసుక గుంటల్లోంచి బంతిని లేపే సాండ్ వెడ్జ్ మాత్రం 56 దగ్గరే ఉండిపోయింది. మధ్యలో పడ్డ ఖాళీ పూడ్చడానికి గ్యాప్ వెడ్జ్ అని ఇంకోటి కొనాలి. బ్యాగులో 14 కర్రలకి మించకూడదని రూలు కాబట్టి, అది చేరితే ఇంకేదో బయటికి పోవాలి. పెరిగిన బలమంతా ఆయన పర్సుదే.

ఇదంతా నాకు ఇక్కడ ఎవరూ నేర్పలేదు. మా మావయ్య విశాఖలో ముడసర్లోవ గోల్ఫ్ కోర్సులో కేడీ, అంటే ఆడేవాళ్ల బ్యాగు మోస్తూ ఏ కర్ర తియ్యాలో చెప్పే మనిషి. సెలవుల్లో అరిలోవ నుంచి ఆయన వెనకే పోయేవాణ్ని. నంబరు పెరిగేకొద్దీ ఐరన్ అర అంగుళం చొప్పున పొట్టిదవుతుంది. ఐదోది సుమారు 38 అంగుళాలు, ఏడోది 37, తొమ్మిదోది 36. పొట్టిదయ్యేకొద్దీ వాలు పెరుగుతుంది, బంతి ఎత్తుకు లేచి దగ్గర్లోనే దిగుతుంది. మావయ్యకి ఈ అంగుళాలు, డిగ్రీలు తెలియవు. "ఎనిమిది వద్దు సార్, ఏడు తీసుకోండి, ఎదురుగాలి ఉంది" అంటే మాత్రం పోర్టు ఆఫీసరైనా, నేవీ కమాండరైనా మారుమాట లేకుండా ఏడే తీసేవాళ్లు. సొంతానికి ఒక్క సెట్ కూడా లేని మనిషి మాట అది.

ఆ మనిషే టీ మాత్రం క్లబ్‌హౌస్ బయట గోడ మీద కూర్చుని తాగేవాడు. ఇక్కడ నాకు ఏసీ గదిలో కుర్చీ ఉంది. ఇది రాయకపోతే మనవాళ్లే కింద కామెంట్లలో పట్టుకుంటారని రాస్తున్నాను. అయినా నా మనసు ఆ గోడ వైపే మొగ్గుతోంది, ఏం చెయ్యను! ఇక్కడ చాలామందికి కేడీ అక్కర్లేదు. దూరం ఎంతో బండిలో తెర చెబుతుంది. తెర చెబితే సలహా, నేను చెబితే పొగరు.

మెచ్చుకోవాల్సిందీ ఉంది. మెంబరు నిటారుగా నిలబడితే మణికట్టు నుంచి నేలకి ఎంతుందో కొలుస్తారు. ఆ లెక్కన షాఫ్ట్ (కర్ర కాడ) కోస్తారు, లేదా పొడవు పెంచుతారు. మనిషికి తగ్గట్టు పనిముట్టు. నా యూనిఫాం విషయంలో ఈ టేపు ఎవరికీ గుర్తురాలేదు లెండి.

మావయ్యకి మెంబర్లు వదిలేసిన పాత బ్లేడ్ ఐరన్లు ఒకటో రెండో దొరికేవి. పల్చటి ముఖం, బంతి నడిమధ్య తగలకపోతే వేళ్లు జివ్వుమంటాయి. పింగ్ కంపెనీ పెట్టిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజనీరు 1960లలో ఐరన్ తల వెనకభాగం తొలిచి, బరువును అంచులకు జరిపాడు. దాంతో కాస్త పక్కన తగిలినా బంతి దారి పెద్దగా తప్పదు. ఈ రోజు కొత్తగా ఆడేవాళ్లలో చాలామంది బ్యాగుల్లో ఉండేవి ఆ రకమే. బ్లేడ్లు చెయ్యి తిరిగినవాళ్లకి. ఇక్కడ మాత్రం ఇంకా బంతి సరిగా తగలనివాళ్లు కూడా మెరుస్తుంది కదా అని బ్లేడ్లే కొంటారు. తుడిచేటప్పుడు దెబ్బల మచ్చలు చూస్తే తెలిసిపోతుంది, అన్నీ మడమ వైపే, అంటే ముఖంలో కాడకి దగ్గరగా ఉండే కొస వైపే. ఆ సంగతీ చెప్పకూడదన్నమాట.

తిట్టిన సంగతి ఫోన్లో చెబితే మావయ్య "ఏటి, జీతం కోసేడా?" అన్నాడు. లేదన్నాను. "మరెందుకురా ఏడుపు" అని అత్తకి ఫోనిచ్చేశాడు.

ఈ వారం అదే సూపర్‌వైజర్ అద్దెకిచ్చే సెట్లు తెచ్చి నా బల్ల మీద పడేశాడు, లాఫ్టులు సరిచూడమని. కొట్టీ కొట్టీ కొన్ని రెండేసి డిగ్రీలు వంగిపోయి ఉన్నాయి. మెషీన్‌కి బిగించి సరిచేసి, కాగితం మీద కొలతలు రాసిచ్చాను. ఏ సెట్ ఎవరికివ్వాలో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.