కెరీర్ పేజీలో ఫోటో సరే, కోర్ పని ఎవరి చేతిలో ఉంది?

ఇంజనీరింగ్ కంపెనీల కెరీర్ పేజీ ఏది తెరిచినా దాదాపు ఒకటే ఫోటో. హెల్మెట్ పెట్టుకున్న ఒకమ్మాయి, వీల్‌చైర్‌లో ఒకాయన, రకరకాల రంగుల మనుషులు, అందరూ ఒకే ల్యాప్‌టాప్ వైపు చూసి నవ్వుతుంటారు (పని చేసేవాళ్లెవరూ ల్యాప్‌టాప్ చూసి అంతలా నవ్వరనుకోండి). ఆ ఫోటోతో నాకు పేచీ లేదు. కానీ వైవిధ్యం, సమాన అవకాశాలు అనగానే చర్చంతా నియామకాల దగ్గరే ఆగిపోతుంది, ఎంతమందిని తీసుకున్నారు, ఎంత శాతం పెరిగింది అని. తీసుకున్నాక వాళ్ల చేతికి ఏ పని ఇచ్చారని మాత్రం ఎవరూ అడగరు.

కార్ల క్రాష్ టెస్టులే చూడండి. ముందు నుంచి ఢీకొట్టే పరీక్షల్లో దశాబ్దాలుగా వాడుతున్న హైబ్రిడ్ 3 డమ్మీ (మనిషి బదులు కారులో కూర్చోబెట్టే బొమ్మ) 1970లలో జనరల్ మోటార్స్‌లో పుట్టింది. సగటు మగవాడి కొలతలు, సుమారు 78 కిలోలు. ఆడవాళ్ల కోసమని ఆ తర్వాత వచ్చినది ఎత్తు దాదాపు 150 సెంటీమీటర్లు, బరువు 49 కిలోలు, అంటే మగ డమ్మీనే కుదించిన బాగా చిన్న సైజు, సగటు స్త్రీ కానే కాదు. 2019లో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు ప్రమాదాల రికార్డులు తీసి చూస్తే, సీటు బెల్టు పెట్టుకున్నా సరే, ఎదురుగా ఢీకొన్నప్పుడు ఆడవాళ్లు తీవ్రంగా గాయపడే అవకాశం మగవాళ్లకన్నా 73 శాతం ఎక్కువని తేలింది. తప్పంతా డమ్మీదే అనడం లేదు, వేరే కారణాలూ ఉంటాయి. కానీ కొలవని ఒంటికి రక్షణ ఎలా డిజైన్ చేస్తారు? సగటు స్త్రీ శరీరాన్ని బట్టి చేసిన డమ్మీని స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం బయటికి తెచ్చేసరికి 2022 వచ్చేసింది. దీని వెనక కుట్రేమీ ఉండక్కర్లేదు. స్పెక్ (ఏది ఎలా ఉండాలో చెప్పే కొలతలు, షరతులు) రాసే గదిలో అందరి ఒళ్లూ ఇంచుమించు ఒకే కొలతలో ఉంటే ఆ ప్రశ్న ఎవరికీ తట్టదు, అంతే.

ముఖం చూసి ఆడా మగా చెప్పే సాఫ్ట్‌వేర్లదీ అదే కథ. 2018లో జాయ్ బూలమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు కొన్ని పెద్ద కంపెనీల సిస్టమ్‌లను పరీక్షిస్తే, తెల్లని చర్మం ఉన్న మగవాళ్ల విషయంలో పొరపాట్లు ఒక శాతం కూడా దాటలేదు, నల్లని చర్మం ఉన్న ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక సిస్టమ్‌లో 34.7 శాతానికి చేరాయి.

అయితే మనుషులు లోపలికి వచ్చేసినంత మాత్రాన పని అయిపోదు. 2019 మార్చిలో నాసా ఇద్దరు మహిళలతో చేయించాల్సిన స్పేస్‌వాక్ ఆ రూపంలో జరగలేదు, ఎందుకంటే ఇద్దరికీ సూట్‌లో మీడియం సైజు పై భాగమే కావాలి, అంతరిక్ష కేంద్రంలో వాడకానికి సిద్ధంగా ఉన్నది ఒక్కటే. అదే ఏడాది అక్టోబర్‌లో గానీ కుదరలేదు. వ్యోమగాములు రెడీ, సూట్లు రెడీ కాదు.

ఆఫీసుల్లో సైజు కుదరకపోవడం ఇంత బయటికి కనిపించదు. ఒకే రోజు చేరిన ఇద్దరిలో ఒకరికి కోర్ మాడ్యూల్ (ప్రాజెక్టులో అసలు ముఖ్యమైన భాగం), ఇంకొకరికి డాక్యుమెంటేషన్, మీటింగ్ నోట్స్, కొత్తవాళ్లకు ట్రైనింగ్, పైగా "నువ్వైతే నీట్‌గా చేస్తావు" అని ఓ పొగడ్త. మూడేళ్లయ్యాక ప్రమోషన్ దగ్గర అదే మేనేజర్ రెండో మనిషికి టెక్నికల్ డెప్త్ లేదంటాడు! ఎక్కడి నుంచి వస్తుంది డెప్త్? అమ్మాయైతే సైట్‌కి పంపరు, రాత్రి షిఫ్ట్ అని కమిషనింగ్‌కి (కొత్తగా బిగించినదాన్ని మొదటిసారి నడిపి చూసే పనికి) పంపరు, అదంతా ఆమె మంచికే అంటారు, ఆమెను మాత్రం అడగరు. యాస వేరుగా ఉన్నవాడికి క్లయింట్ కాల్ ఇవ్వరు. వినికిడి లోపం ఉన్నవాళ్లకి "మీటింగ్ అయ్యాక చెప్తాంలే" అంటారు, నిర్ణయాలన్నీ మీటింగ్‌లోనే అయిపోతాయి.

ఇక్కడ మెరిట్ అనే మాట ఎలాగూ వస్తుంది. నాకూ మెరిటే కావాలి, కాకపోతే దాన్ని సరిగ్గా కొలవమంటాను. అభ్యర్థికో ప్రశ్న వేసి, చివరికి "మన టీమ్‌లో ఇమిడిపోతాడు" అని మార్కులేస్తే అది మెరిట్ ఎలా అవుతుంది? ప్రశ్నలు, మార్కుల పద్ధతి ముందే రాసిపెట్టుకుని అందరినీ అవే అడగమంటే మాత్రం చాలామందికి ఎక్కడలేని బద్ధకం వస్తుంది.

ఇది ఆడవాళ్ల గొడవ మాత్రమే అనుకునేవాళ్లకి ఒక మాట. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియనివాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే, యూరప్ మూలాలున్న మగవాళ్లలో అయితే సుమారు 8 శాతం. అయినా మనం ఇప్పటికీ ఫెయిల్‌కి ఎర్ర లైటు, పాస్‌కి పచ్చ లైటు పెట్టి, పక్కన ఒక్క అక్షరం కూడా రాయకుండా ప్యానెళ్లు తయారు చేస్తూనే ఉన్నాం. మా టీమ్‌లో అలాంటి ఒకాయన ఉండబట్టి మా స్క్రీన్ల మీద రంగుతో పాటు గుర్తులూ వచ్చాయి. మిగతావాళ్లకి కూడా అవే హాయిగా ఉన్నాయి.

మీ టీమ్ సంగతి తెలుసుకోవాలంటే పోయిన ఏడాది డిజైన్ రివ్యూల్లో ఎవరు ప్రజెంట్ చేశారో, కోర్ మాడ్యూళ్లకి ఓనర్లు ఎవరో, మీటింగ్ నోట్స్ ఎవరి పేరు మీద వెళ్లాయో ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. హెచ్‌ఆర్‌ని అడగక్కర్లేదు, కమిట్ హిస్టరీ (కోడ్‌లో ఎవరు ఏం మార్చారో ఉండే రికార్డు), మీ మెయిల్ బాక్స్ చాలు.