ఆకుపచ్చ ఏదీ?

"నాన్నా, ఇందులో ఆకుపచ్చ ఏదీ?"

మైక్రోస్కోపు మీంచి కన్ను తీయకుండానే అడిగింది మా అమ్మాయి. కింద ఉన్నది ఎర్ర ఉల్లి పొర. ఇటుకలు పేర్చినట్టు కణాలు, గోడకు ఒదిగి చిన్న చుక్కలా కేంద్రకం. పుస్తకంలో మొక్క కణం నిండా గీసిన హరితరేణువులు, అంటే ఆహారం వండే ఆకుపచ్చ రేణువులు, కనబడలేదని దాని ఫిర్యాదు.

నేలలో ఉండే గడ్డకు వాటితో పనేముంది, వంట ఆకులు చేసి పంపుతాయిగా అన్నాను. "అయితే ఆ బొమ్మ తప్పా?" అంది. నాకు జవాబు తట్టలేదు. ఒకే బొమ్మలో అన్నీ కుక్కేస్తే పిల్లలు ఇలాగే అడుగుతారు మరి!

మాట మార్చడానికి స్లైడ్ అంచున ఒక చుక్క ఉప్పునీళ్లు వేశాను. కొన్ని నిమిషాలకు కణం లోపలి నీటి సంచిలాంటి రిక్తికలోంచి నీరు బయటికి పోయి, గులాబీ రంగంతా మధ్యకు ముడుచుకుంది. కణం చుట్టూ ఉండే పలుచని ప్లాస్మాపొర, దాని బయటి గట్టి గోడ అయిన కణకవచాన్ని వదిలేసింది. కవచం మాత్రం చెక్కుచెదరలేదు. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చూసి 'కణం' అని పేరు పెట్టింది ఇలాంటి గోడల నడుమ గదులకే. లోపలివాళ్లు ఎప్పుడో పోయిన ఖాళీ గదులవి.

తర్వాత తన చెంప లోపలి కణాలు, మిథిలిన్ బ్లూ అనే నీలి రంగు వేసి. గోడల్లేవు, ఒక తీరూ లేదు. అంచులు మడతపడి, నడుమ ముదురు నీలం చుక్క.

"ఇవి నావేనా? ఇంత చిందరవందరగానా?"

ఇప్పుడే ఆకు తుంచుకురావడానికి కుండీ దగ్గరికి పరుగెత్తింది.