ఫారెస్ట్‌హిల్‌లో కుడితి

మా ఆఫీసులో ఒకావిడకు గుర్రాలంటే ప్రాణం. "టెవిస్ కప్‌కి సాయం వస్తావా?" అంటే ఏదో గుర్రప్పందెం కాబోలనుకుని కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ నుంచి బయల్దేరాను. తీరా చూస్తే 1955 నుంచి జరుగుతున్న 100 మైళ్ళ సవారీ అది! తెల్లవారుజామున ట్రకీ దగ్గర మొదలుపెట్టి, సియెర్రా కొండలు దాటి, 24 గంటల్లో ఆబర్న్ చేరాలి.

మా మకాం 68వ మైలు దగ్గర, ఫారెస్ట్‌హిల్‌లో. లోయల్లో మాడి వచ్చిన గుర్రాలకు ఇక్కడ గంటసేపు తప్పనిసరి విశ్రాంతి. సాయంత్రానికి ఆవిడ వచ్చి దిగింది. గుర్రం మెడ మీద తెల్లటి నురగ, ఆరినచోట ఉప్పు చారలు. నేను హుషారుగా బకెట్ నీళ్ళలో ఎలక్ట్రొలైట్ పొడి (చెమటలో పోయే ఉప్పులన్నమాట) కలిపి ముందుపెట్టాను. వాసన చూసి మూతి తిప్పేసుకుంది. "ముందు మామూలు నీళ్ళు పట్రా!" అని వాళ్ళాయన కసిరాడు (తర్వాత సారీ చెప్పాడులెండి).

సంగతేమిటంటే, మన చెమటలో నీళ్ళెక్కువ, ఉప్పు తక్కువ. అందుకే రక్తం చిక్కబడి దాహం వేస్తుంది. గుర్రం చెమట రక్తమంత ఉప్పగా, ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. మండే ఎండలో గంటకు 10 లీటర్లదాకా కారిపోతుంది. నీళ్ళూ ఉప్పూ కలిసే పోతాయి కాబట్టి ఒళ్ళు ఎండిపోతున్నా దానికి దాహం అంతగా తెలీదు. ఉప్పు లోపలికి వెళ్తే దాహం పెరిగి ఇంకా నీళ్ళడుగుతుంది. అలాగని నీళ్ళు ముట్టని గుర్రానికి ఉప్పు పడితే, ఒంట్లో మిగిలిన తడిని అది పేగుల్లోకి లాగేస్తుంది. అందుకే కడుపునిండా తాగించాక, యాపిల్ గుజ్జులో పొడి కలిపి సిరంజితో నాలుక మీదకి వదిలారు.

గుర్రాల డాక్టరమ్మ దాని పంటి చిగురు నొక్కి, తెల్లబడ్డచోట ఎరుపు ఎంతసేపటికి తిరిగొస్తుందో చూసింది. స్టెతస్కోపు డొక్కకు ఆనించి నాకూ వినిపించింది. మేడ మీద ట్యాంకు నిండుతున్నట్టు గుడగుడ! ఆ చప్పుడు లేకపోతే గుర్రాన్ని ముందుకు పోనివ్వరట.

ఆఖర్న ఓ టబ్బులో నానబెట్టిన బీట్ పిప్పి (చక్కెర తీసేసిన బీట్ దుంపలది), తవుడు, ఉప్పు, బోలెడు నీళ్ళు. అచ్చం కుడితే! మా అమ్మమ్మ గేదెకు బియ్యం కడుగులో తవుడు, గుప్పెడు కల్లుప్పు వేసి పెట్టేది. ఈ గుర్రం కూడా కళ్ళదాకా ముంచి జుర్రింది.

చీకట్లో మళ్ళీ కదిలారు. మేం సామాను ట్రక్కులో వేసుకుని ఆబర్న్ దారి పట్టాం. మామూలు నీళ్ళ బకెట్ మాత్రం నా ఒళ్ళోనే పెట్టుకున్నాను.